పిన్ని నడిపిన స్వింగు

మొన్న విజయనగరంలో ఓ పెళ్లివిందులో కుర్రజంటలు స్వింగ్ డ్యాన్సు చేస్తుంటే, పక్కనున్న పెద్దావిడ "ఇదేటమ్మా, సెయ్యి పట్టుకుని లాక్కోడమేనా?" అని అడిగింది. అవునండీ, లాక్కోవడమే అన్నాను. మా పిన్నీ బాబాయీ గుర్తొచ్చారు.

బాబాయికి సాలూరులో లారీల వ్యాపారం. మనిషి గట్టివాడు, మాట ఇంకా గట్టిది. ఇంట్లో టీవీ ఛానెల్ మార్చాలన్నా ఆయనే చెప్పాలి. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పట్టు తప్పాయి. వ్యాయామం చేయించడానికొచ్చిన ఆయన్ని తిట్టి పంపేసి, కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయారు. ఆ రోజుల్లో పిన్ని మా ఇంటికొచ్చి, మా మేడ మీద అద్దెకుంటున్న డ్యాన్సు టీచరమ్మ నేర్పే స్వింగ్ క్లాసు చూసింది. ఎక్కడో అమెరికాలో పుట్టిన జంట నాట్యం అది. ఒకరు చేత్తో సైగ ఇస్తూ నడిపిస్తే, రెండోవారు దాన్నిబట్టి దూరం జరిగి మళ్లీ దగ్గరికి రావాలి. మామూలుగా నడిపేది మగవాడు.

"ఆడది నడిపితే తప్పేటైనా ఉన్నాదా?" అనడిగింది పిన్ని. లేదంది టీచరమ్మ.

బాబాయి భగ్గుమన్నారు. "ఒసే, ఊరంతా నవ్వుతాది!"

"నవ్వనీ మావా. నువ్విలా కూకుంటే నేను సూడలేకపోతన్నాను."

పిన్ని టీచరమ్మ దగ్గర అడుగులు నేర్చుకుని, లారీ షెడ్డులో గ్రీజు మరకలు కడిగించి, సణుగుతున్న బాబాయిని లేపి అక్కడే సాధన మొదలెట్టింది. డ్రైవర్లు టీ గ్లాసులతో నిలబడి వినోదం చూసేవారు. బాబాయి అలవాటుకొద్దీ తానే లాగబోతే పిన్ని కదిలేది కాదు. "నా సెయ్యి ఏటి సెప్తన్నాదో ఇను" అనేది. ఓసారి ఆయన పడిపోతే లేపి, మొహం తుడిచి, పాట మళ్లీ మొదటినుంచి పెట్టింది.

ఏడాది తిరిగేసరికి టీచరమ్మ ఓ కల్యాణ మండపంలో పోటీ పెట్టింది. ఏ పాట వేస్తారో ముందు చెప్పరు. వీళ్ల వంతుకి ఉరుకులు పెట్టే పాట పడింది. బాబాయి మొహం పాలిపోయింది.

"ఒగ్గేద్దామే," అన్నారు.

"ఆళ్లు పరిగెడతారు. మనం నడుద్దుం," అని పిన్ని పాటలో సగం వేగానికే అడుగేసింది. తాళం తప్పలేదు. బాగానే సాగుతుండగా ఓ మలుపులో బాబాయి చెయ్యి జారింది. ఏ ఆసరా లేకుండా హాలు మధ్యలో ఒంటరిగా నిలబడిపోయారు. నేను కుర్చీలోంచి లేచేశాను. పిన్ని మాత్రం కదల్లేదు, చెయ్యి చాచి ఉంచిందంతే. పాట మోగుతూనే ఉంది. బాబాయి కుడికాలు ఈడ్చారు, ఇంకో అడుగు వేశారు, ఆ చెయ్యి అందుకున్నారు.

బహుమతి రాలేదు. పోటీ అయ్యాక ఎవరితో ఎవరైనా సరదాగా డ్యాన్సు చేసే వేళ, టీచరమ్మ వచ్చి తనతో ఓ పాటకి రమ్మని బాబాయిని పిలిచింది. జీవితంలో ఎవర్నీ అనుమతి అడగని ఆ మనిషి పిన్నివైపు తిరిగి, "ఎల్లమంటావేటే?" అన్నారు.

ఇప్పుడాయన రోజూ షెడ్డుకి తనంతట తానే, కాస్త కాలీడుస్తూ నడిచి వెళ్తారు. వయసు వేగాన్ని తీసుకుపోతుందని అందరికీ తెలుసు. మిగిలిన కాలాన్ని ఏ నడకతో దాటాలో తేల్చుకునేది మనమేనని నాకు వాళ్లిద్దరినీ చూశాకే తెలిసింది.