మాస్టారి బొటనవేలు

ఆ దర్జీ దుకాణంలో గుడ్డ కత్తిరించేది మాస్టారొక్కరే. కోటు గుడ్డ నాలుగు మడతలు పెట్టి, బరువైన కత్తెరతో చంక దగ్గర వంపుని ఒక్క ఊపున తిప్పేసేవారు. ఇరవై ఆరేళ్లు అదే పని. ఆయన చేతిలో దేవుడున్నాడని కుట్టించుకున్నవాళ్లు తెగ మురిసిపోయేవారు. చేతిలో ఉన్నవి ఎముకలు, కండలు, వాటిని కలిపే తాళ్లు. అవి అరుగుతాయని మాత్రం ఒక్కరూ అనలేదు.

నొప్పి మొదట టీ కప్పు దగ్గర బయటపడింది. ఎత్తబోతే బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన చురుక్కుమంది. తరవాత తాళం తిప్పుతున్నా అంతే, తడిబట్ట పిండుతున్నా అంతే.

"నరం పట్టేసినట్టుంది, ఏదైనా మందు తెచ్చుకోండి" అంది భార్య.

అక్కడే కొంప మునిగింది. మనకి రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే, కండని ఎముకకి కట్టే తాడూ నరమే. ఈ మూడోదానికి స్నాయువు అని విడిగా ఓ మాట ఉంది కానీ అది పుస్తకం దాటి బజారుకి రాలేదు. మాస్టారు మందుల షాపులో "నరం నొప్పి" అన్నారు. అతను నరాల బలానికి బిళ్లలిచ్చాడు. అడిగిందే ఇచ్చాడు, అతన్నేమనగలం? ఏడాదిపాటు ఆ ఎర్ర బిళ్లలు మింగారు, కత్తెర మాత్రం వదల్లేదు. అప్పుడు బావమరిది, "నరం తప్పింది బావా" అని తేల్చి, ఓ మాలిష్ చేసే అతని దగ్గరికి లాక్కెళ్లాడు. అతను వేలు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు.

"టక్‌మంది, విన్నారా? కూర్చుంది!"

"కూర్చున్నది నేనయ్యా," అన్నారు మాస్టారు, నేల మీద నుంచి.

రెండో ఏడు చివర్లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

"వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?"

"లేదమ్మా. నొప్పంతా ఇక్కడే."

"బొటనవేలు లోపల పెట్టి పిడికిలి మూయండి. ఇప్పుడు మణికట్టుని చిటికెనవేలి వైపు వంచండి."

ఆయన కేక బయట వరసలో కూర్చున్నవాళ్లకి కూడా వినిపించింది.

"ఇది నరం కాదండీ. వేలిని కదిపే తాడు, దాని మీది తొడుగు. ఒకే పని అదే పనిగా చేస్తే వాస్తాయి. మొదట్లోనే వచ్చుంటే కొన్ని వారాలు పట్టీ కట్టి, చేతికి పని తగ్గిస్తే చాలామటుకు సర్దుకునేది."

"మరి ఆ బిళ్లలు?"

"నరాలకి మంచివే. మీ నరాలకి ఏ జబ్బూ లేదుగా."

మాస్టారికి కావలసిన మాట ఒక్కటే. "కత్తెర పట్టొచ్చా అమ్మా?"

ఆవిడ నసగలేదు. "ఇంజెక్షన్ చేస్తాను, ఆరు వారాలు పట్టీ ఉంచండి. నొప్పి తగ్గొచ్చు. తగ్గకపోతే ఆపరేషన్ చేసి తొడుగు విప్పుతారు. కానీ తాడే పీచులు లేచింది. రోజంతా కత్తెర అంటే నేను మాటివ్వలేను."

ఆరు వారాలూ ఎడమచేత్తో స్పూను పట్టుకుని తిన్నారు. "పెళ్లయ్యాక మొదటిసారి ఖాళీగా దొరికారు, ఫొటో తీయించనా?" అని భార్య ఆట పట్టించింది. నొప్పి నిజంగానే తగ్గింది. విశ్రాంతిని మించిన మందు లేదని చుట్టాలంతా సంబరపడ్డారు. చేసే పనే రోగమైనవాడికి ఆ విశ్రాంతి ఎన్నాళ్లు నడుస్తుందో వాళ్లలో ఎవరూ లెక్క వేయలేదు.

దుకాణానికి తిరిగొచ్చిన నాలుగో రోజు, ఎవరో తెచ్చిచ్చిన నీలం కోటు గుడ్డ బల్ల మీద పరిచారు. భుజం వంపు దగ్గర బొటనవేలు పట్టు వదిలేసింది. కత్తెర రెండు వేళ్ల వెడల్పున లోపలికి దూసుకుపోయింది. ఇక అతుకు తప్ప మార్గం లేదు.

మరొకరు చేసుంటే దుకాణం యజమాని పైకప్పు ఎగిరిపోయేలా అరిచేవాడు. ఇప్పుడు వచ్చి, గుడ్డ మెల్లగా మడిచాడు. "పోన్లెండి మాస్టారూ" అన్నాడు.

దాంతో మాస్టారికి అర్థమైపోయింది. తిట్టుంటే రేపు పని ఉండేది. ఆయన కత్తెర తుడిచి, పిడి యజమాని వైపుకి తిప్పి బల్ల మీద పెట్టారు.