లీవు పెట్టని మనిషి

నల్లగొండ బయట కోళ్ల దాణా మిల్లులో గోదాము చూసుకునే సాయిలుకు లీవు పెట్టే అలవాటు లేదు. పండుగైనా, ఆదివారమైనా పొద్దున్నే వచ్చి తాళం తీసేవాడు. భార్య మైసమ్మ పోయాక ఇంట్లో పలకరించే మనిషి లేదు, పిల్లలు మొదటి నుంచీ లేరు. మిల్లులో అయితే హమాలీలు "సాయిలన్నా, తిన్నవా?" అని అడుగుతారు. ఆ ఒక్క మాట కోసం మనిషి పండుగ పూట పనికొస్తాడంటే నమ్మేదెవరు?

గోదాములో బస్తాలు తగ్గుతున్నాయని కంపెనీ హైదరాబాద్ నుంచి ఆడిటర్ హరితను పంపింది. ఆమె చదువుకున్న సూత్రం ఒకటుంది. దొంగ లీవు పెట్టడు, తన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే గుట్టు బయటపడుతుందని వాడి భయం. సూత్రం మంచిదే. మన సాయిలు అందులో కొలత తీసి కుట్టినట్టు సరిపోయాడు, అదే వచ్చిన చిక్కు.

"ఇన్నేళ్లలో ఒక్క లీవు కూడా ఎందుకు పెట్టలేదు?" అని హరిత అందరి ముందే అడిగింది.

ఒక్కణ్నే ఉండలేను అని చెప్పడానికి సాయిలుకు సిగ్గేసింది. "ఇంట్ల ఏం పనుంటది మేడం," అన్నాడు. దాంతో అనుమానం ఇంకా గట్టిపడింది. తాళాలు తీసుకుని, పదిహేను రోజులు లీవు రాయించి మిల్లు వైపు రావద్దన్నారు. లారీలు నింపించే సూపర్‌వైజర్ విజేందర్ మాత్రం భుజం తట్టి, "ఫికర్ చెయ్యకన్నా, జర రెస్టు తీసుకో," అన్నాడు. ఆ మాటకే సాయిలు కళ్లు చెమర్చాయి.

ఊళ్లో అప్పటికే దొంగ అన్న మాట పాకింది. ముఖం చూపలేక యాదగిరిగుట్ట బస్సెక్కాడు. సత్రంలో గుమస్తా ఆధార్ కార్డు చూసి, వెనక ఎవరూ లేరని గమనించి తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కరికి రూము ఇయ్యం పెద్దయ్యా. ఇంటోళ్లను తీసుకొని రా."

ఒంటరిగా వచ్చినవాళ్లు గదిలో ఏమన్నా చేసుకుంటారని వాళ్ల భయం. సాయిలుకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మిల్లులో అదే, దేవుడి దగ్గరా అదే. తోడు లేని మనిషంటే లోకానికి ఎంత అనుమానం! హాల్లో చాప పరుచుకుని, ఎవరి పిల్లలో ఏడుస్తుంటే వింటూ పడుకున్నాడు. నిజానికి ఆ ఏడుపు అతనికి హాయిగానే ఉంది.

లీవు ముగియకముందే, సాయిలు ఇంకా సత్రం హాల్లోనే ఉండగా హరిత ఫోన్ చేసింది. సాయిలు లేకపోయినా బస్తాలు తగ్గుతూనే ఉన్నాయట. లోడైన లారీని గేటు దగ్గర ఆపి దింపిస్తే, బిల్లులో రాసినదానికంటే ఎక్కువ బస్తాలున్నాయట. విజేందర్ ఒప్పుకున్నాడట.

"మీ మీద ఏ మచ్చా లేదు, రేపు డ్యూటీకి రండి. ఇకనుంచి ప్రతి ఒక్కరూ ఏటా పదిహేను రోజులు లీవు తీసుకోవాల్సిందే. మీ వల్లే ఈ రూలు వచ్చింది," అంది సంతోషంగా.

"మేడం, లీవు పెట్టి మిల్లుకే వచ్చి కూసోవచ్చా? తాళాలు ముట్ట."

"కుదరదండీ. లీవంటే గేటు లోపలికి రాకూడదు."

"మంచిది మేడం," అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని పక్క చాప మీది ముసలమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, వచ్చే ఏడు మళ్ల రావాలె. ఒక్కనికి రూమిచ్చే సత్రం గుట్ట మీద ఏదన్న ఉన్నదా?"