తెర మీద ఎర్రబడిన పెళ్ళి

పెనుకొండ బస్టాండు పక్కన కుళ్ళాయప్ప వీడియో స్టూడియో, దాన్ని ఆనుకొని నా టైలరింగ్ షాపు. మధ్య గోడ ఎంత పలుచనంటే ఆయన నిట్టూర్చినా నాకు వినిపిస్తుంది. ఈ చుట్టుపక్కల ఎన్నో పెళ్ళిళ్ళు ఆయన చేతిమీదే వీడియోలయ్యాయి. పని మీద ప్రాణం పెడతాడు గాని, నోట్లో నాలుక లేదు. 'మేం ఫోన్లోనే తీసుకుంటాంలే' అని ఎవరైనా అంటే తల ఊపి ఊరుకుంటాడు. అదే నాకు ఒళ్ళు మంట.

పని తగ్గింది. విసిగిపోయిన ఆయన భార్య హనుమక్క వాళ్ళన్నతో చెప్పి, హైవే మీది ఫ్యాక్టరీలో వాచ్‌మన్ ఉద్యోగం చూసింది. సోమవారం చేరాలి. కుళ్ళాయప్ప ఒక్కటే అడిగాడు.

"హిందూపురం ఆదినారాయణప్ప కొడుకు పెళ్ళి వీడియో రిసెప్షన్లో పెద్ద తెర మీద వేస్తారు. అది నచ్చితే అక్కడి కల్యాణ మంటపం వాళ్ళు సీజనంతా నాకే పనిస్తామన్నారు. అది అయినాక చెప్తా."

దసరా అయిపోయింది. రిసెప్షన్ రోజు పొద్దున గోడవతల 'అయ్యో' అని వినపడితే పరుగెత్తాను. తెర మీద పెళ్ళి లేదు. ప్రతి క్లిప్పూ ఎర్రగా, 'ఫైల్ దొరకలేదు' అంటోంది. పైగా డిస్కు నిండిపోయిందని ఇంకో హెచ్చరిక.

కుళ్ళాయప్ప సెట్టింగులు తెరిచాడు. ఎడిటింగులో పుట్టే తాత్కాలిక ఫైళ్ళు, క్లిప్పులున్న బయటి పెద్ద డిస్కులో పడేలా ఎప్పుడో పెట్టుకున్నాడట. ఇప్పుడవి కంప్యూటర్ లోపలి చిన్న డిస్కులోనే వచ్చి పడుతున్నాయి. వాటిని తుడిచేస్తే హెచ్చరిక పోయింది, ఎరుపు పోలేదు. రిపేరు అబ్బాయికి ఫోన్ చేస్తే, డిస్కు పోయినట్టుంది, తెస్తే చూస్తా, కొన్నాళ్ళు పడుతుంది అన్నాడు.

"ఇంక చాల్లే మమతా. సోమవారం పోయి గేటు కాడ కూర్చుంటా."

నాకు కోపం వచ్చింది. "ఇంతకే చేతులెత్తేస్తే ఎట్లన్నా? పండగ ముందర బాగుండిందే, ఏం మారిందో చూడు" అన్నాను.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన హనుమక్క సంగతి విని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ నల్ల డబ్బాలా? ఆయుధపూజ నాడు నేనే పీకి, తుడిచి, బొట్టు పెట్టి అమ్మోరి ముందర పెట్టినా. మళ్ళా తగిలిచ్చినా కదా."

నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. కుళ్ళాయప్ప మాత్రం, "ఏది ముందర తగిలిచ్చినావు?" అని మెల్లగా అడిగాడు. ఆమె చూపించింది. అది పాత పెళ్ళిళ్ళ డిస్కు.

కంప్యూటర్ ప్రతి డిస్కుకూ ఒక అక్షరం ఇస్తుంది. తగిలించిన వరస మారేసరికి ఈ పెళ్ళి ఉన్న పెద్ద డిస్కు అక్షరం పాతదానికి పోయింది. బాడుగ ఇల్లు మారినవాళ్ళ కోసం పాత తలుపు తట్టినట్టు, సాఫ్ట్‌వేర్ ఇంకా ఆ అక్షరం దగ్గరే వెతుకుతోంది; పాత దారి అక్కడ దొరక్క తాత్కాలిక ఫైళ్ళను లోపలి చిన్న డిస్కులో పడేస్తోంది. ఆయన అక్షరాలు సరిచేసి, తాత్కాలిక ఫైళ్ళ దారి మళ్ళీ పెద్ద డిస్కుకు మార్చి, అంతా మూసి తెరిచాడు. ఒక్కో క్లిప్పే ఎరుపు వదిలింది. తలంబ్రాలు వచ్చాయి, పెళ్ళికూతురి నవ్వు వచ్చింది. నేను ఏడ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

సాయంత్రం ముగ్గురం హిందూపురం పోయాం. పెద్ద తెర మీద ఒకచోట పెళ్ళికూతురి నాయన పక్కకు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మంటపంలో అందరూ తెర వైపు తిరిగారు.

"ఇది యాడుండి తీసినావు?" అంది హనుమక్క.

"స్తంభం పక్కన. అందరూ పెళ్ళికొడుకును చూస్తాండారు, నేను ఆయప్పను చూస్తాంటి."

ఆదినారాయణప్ప, మంటపం వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. "కార్తీకంలో పెళ్ళిళ్ళన్నిటికీ నువ్వే రావల్ల కుళ్ళాయప్పా" అన్నారు వాళ్ళు. ఆయన సరేనన్నాడు.

అంతలో హనుమక్క ఫోన్ మోగింది. సోమవారం సంగతి అడగడానికి వాళ్ళన్న.

"అన్నా, ఆయప్ప రాడు" అంది ఆమె, తెర మీంచి చూపు తిప్పకుండానే. "ఆయప్పకు పనుండాది."