ఒక చెయ్యి మిగిలిన స్వెట్టర్

పద్నాలుగేళ్లుగా ఒక శాలువ నా గుండె మీద ఉంది. అల్లింది నేనే. కప్పుకున్నది మాత్రం వేరే మనిషి. ఆ మనిషి దాన్ని కప్పుకున్నప్పుడల్లా ఇక్కడ నాకు బరువెక్కుతుంది. ఊలు శాలువ ఎంత బరువుంటుంది? అరకేజీ కూడా ఉండదు. మోసినవాళ్లకు తెలుస్తుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు. పేర్లు చెప్పను. మాది డోన్. మా అన్న రైల్వేలో గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఆయన భార్య, మా వదిన, చనిపోయి పద్దెనిమిదేళ్లయింది. వాళ్లకు ఒక్కతే కూతురు. ఇరవై ఏడేళ్లొచ్చి, పెళ్లయి కడపలో కాపురం చేసుకుంటున్నా ఇంట్లో ఇప్పటికీ ఆమెను పాప అనే పిలుస్తాం. నేను మేనత్తను. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే, పిల్లాజెల్లా లేక, అన్న ఇంటికొచ్చి ఉండిపోయినదాన్ని.

ఎండకు నాపరాళ్లు పెనంలా కాలే ఊరు మాది. అలాంటి ఊర్లో ఊలు అల్లే పిచ్చి ఎవరికైనా ఉంటుందా అంటే, మా చర్చి ఆడవాళ్లకు ఉంది. ఆ పిచ్చి అంటించింది వదినే. ఆమెది రాజంపేట దగ్గర పల్లె. మిషన్ హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి టీచరమ్మ నేర్పిందట. పెళ్లయి వచ్చేటప్పుడు రెండు జతల సూదులు పెట్టెలో పెట్టుకుని వచ్చింది. గురువారం మధ్యాహ్నం స్త్రీల సమాజం ప్రార్థన అయ్యాక అందరం గోడ నీడన కూర్చునేవాళ్లం. చెమట కారుతుంటే, ఒళ్లో ఊలుండలు పెట్టుకుని, క్రిస్మస్‌కు ఎవరికేం అల్లాలో మాట్లాడుకునేవాళ్లం. మగవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ. డిసెంబర్ తెల్లవారుజామున క్యారల్స్‌కు పోయేటప్పుడు మఫ్లర్లు వెతుక్కునేది వాళ్లే.

చర్చిలో ఏ బిడ్డ పుట్టినా వదిన చేతి టోపీ వెళ్లాల్సిందే. ఒక బిడ్డకు చిన్నదైతే ఆ టోపీ ఉతికి ఇంకో బిడ్డకు ఇచ్చేవాళ్లం. అది మాలో ఆనవాయితీ. పాప పుట్టినప్పుడు అల్లినవి కూడా అలాగే ఎవరెవరి తలల మీదికో వెళ్లిపోయాయి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం.

నాకు అల్లిక నేర్పింది కూడా ఆమే. ఓపికగా నేర్పింది. కానీ వదినది వదులు చెయ్యి, నాది బిగువు చెయ్యి. అవే సూదులు, అదే ఊలు, అన్నే కుట్లు వేసినా ఆమెది మెత్తగా సాగేది, నాది అట్టముక్కలా వచ్చేది. "ఎవరి మీదమ్మా ఆ కోపం?" అని నవ్వేది. ఎవరి మీదా కాదని అప్పుడు అనుకునేదాన్ని.

పాపకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా వదినకు జబ్బని తెలిసింది. కర్నూలు పెద్దాసుపత్రికి తిప్పాం. ఆ జబ్బు పేరు మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పలకరు. ఆ ఎండాకాలంలోనే ఆమె నేరేడుపండు రంగు ఊలు తెప్పించుకుని స్వెట్టర్ మొదలుపెట్టింది. పాప కంటపడకుండా నాలుగు వరసలు అల్లడం, కళ్లు మూసుకోవడం, మళ్లీ నాలుగు వరసలు. ఒకరోజు నన్ను పిలిచి, అల్లిన ముక్కను నా వీపుకు ఆనించి కొలత చూసుకుంది. నాకెందుకు వదినా అంటే, నీకు కాదులే అంది. పాపకట. ఇప్పటి పాపకు కాదు, పద్నాలుగేళ్ల పాపకు. మేనత్త పోలిక కాబట్టి నా మాదిరే పొడుగవుతుందని లెక్క వేసుకుంది. తాను చూడబోని కూతురి కొలత నా ఒంటి మీద తీసుకుంది.

ముందు భాగం, వెనక భాగం, ఒక చెయ్యి అయ్యాయి. రెండో చెయ్యి కాలేదు. వేళ్లలో పట్టు పోయింది. సూదులు నా చేతికిచ్చి ఆమె అన్న మాటలు ఇవి. "ఒక చెయ్యి మిగిలిపాయె. నువ్వు అల్లెయ్ మ్మా. పిల్ల పెద్దదైనాక మీయమ్మ అల్లిందని చెప్పి ఇయ్యి. నాకు ఇంకేం లేదు దానికి ఇయ్యనీకె." సరే వదినా అన్నాను. చెయ్యి పట్టుకుని మరీ అన్నాను. తర్వాత పదిరోజులు కూడా లేదు.

ఇప్పుడు నా సంగతి.

ఆ చెయ్యి నేను మూడుసార్లు అల్లాను. నా మాట నమ్మండి, మూడుసార్లు. అల్లిన ప్రతిసారీ ఆమె చేతి పక్కన నాది పొట్టిగా, బిర్రుగా, ఎవరో తెచ్చి అతికించినట్టుండేది. లావు సూదులు వేసి చూశాను. కుట్లు పెంచి చూశాను. ఎంతచేసినా గుడ్డివాళ్లు తడిమినా చెప్పేస్తారు ఏ చెయ్యి ఎవరిదో. మిగతాదంతా వదిన, ఒక్క చెడిపోయిన చెయ్యి నేను. పాప దాన్ని వేసుకుని చర్చికి వెళ్తే అందరూ ఏమనుకుంటారు? ఇది ఆ తల్లి చెయ్యి, ఇది ఈమె చెయ్యి అనుకోరా? అలా అనుకుంటే నాకేం పోయింది? అది అప్పుడు నన్ను నేను అడగలేదు. పెట్టెలో పెట్టి మూత వేశాను.

పాపను నేనే పెంచాను. అన్న డ్యూటీకి పోతే రెండు మూడు రోజులు ఇంటికి వచ్చేవాడు కాదు. జడలు వేసింది నేను, జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది నేను, లెక్కలు రాక ఏడిస్తే పక్కన కూర్చుంది నేను. పాపకు పదమూడేళ్లు వచ్చిన ఏడాది వేసవిలో ఏదో చిన్న విషయానికి, స్నేహితురాలి ఇంటికి పంపలేదనుకుంటా, నన్ను ఒక మాట అంది. నువ్వేం మా అమ్మవు కాదు అంది. ఆ వయసు పిల్లలు అంటారు. సాయంత్రానికి మర్చిపోయి అన్నం కలిపి పెట్టమని వచ్చింది. నేను మర్చిపోలేదు.

మర్నాడు పొద్దున పాప స్కూలు వాళ్లతో మంత్రాలయం వైపు ఎక్కడికో వెళ్లింది. ఇంట్లో ఎవరూ లేరు. పెట్టె తెరిచాను. చెయ్యి అల్లడానికే తెరిచానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నా చేతిలో సూదులు లేవు, కత్తెర ఉంది.

భుజాల దగ్గర కుట్లు కత్తిరించి, చివరి ముడి విప్పి లాగాను. అల్లినవాళ్లకు తెలుస్తుంది, అల్లడానికి ఎన్ని నెలలు పట్టినా విప్పడానికి ఒక పూట చాలు. వరస వెనక వరస తేలిగ్గా, మారు మాట్లాడకుండా వచ్చేసింది. వదులు చెయ్యి కదా. వీపు ముక్క సగంలో ఒక పొడుగాటి వెంట్రుక ఊలుతో పాటు వచ్చింది. వదినదే. మందులకు జుట్టు రాలిపోకముందు అల్లిన భాగం అది. ఆ వెంట్రుకను చూసైనా నేను ఆగిపోయి ఉండొచ్చు. సగం స్వెట్టర్ ఇంకా మిగిలే ఉంది. ఆగలేదు. వెంట్రుక తీసి పక్కన పడేశాను, ఫ్యాను గాలికి ఎటో పోయింది. సాయంత్రం ఇల్లు ఊడ్చాను.

విప్పిన ఊలు ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది. పాత కుట్లన్నీ అందులో కనిపిస్తూనే ఉంటాయి. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, చుట్టలుగా చిలపలు కట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, దండెం మీద వేలాడదీసి, కింద నాపరాయి ముక్కలు కట్టాను. ఎండ మాకేం కరువా. మరుసటి రోజు మధ్యాహ్నానికి కొత్త ఊలు లాగా తిన్నగా అయింది. ఆ క్రిస్మస్‌కు దాంతో పాపకు చిన్న శాలువ అల్లాను, నా బిగువు చేత్తో, అంచులకు తెల్ల ఊలు వేసి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారు. మా ఇంట్లో వదిన సొమ్ము అత్త దానం చేసింది.

శాలువ ఇచ్చినప్పుడు జరిగిన మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి. క్రిస్మస్ ముందురోజు పొద్దున. పాప దాన్ని చెంపకు ఆనించుకుంది.

"అత్తా, ఇది నువ్వే అల్లినావా?"

"ఇంకెవరు అల్లుతారు మే."

"శానా మెత్తగా ఉండాది." దాన్ని భుజాల మీద కప్పుకుని, "అత్తా, అమ్మ నాయనకు మఫ్లర్ అల్లింది కదా. చర్చిలో అందరి పిల్లోళ్లకూ టోపీలు అల్లింది. నాకేమన్నా అల్లి పెట్టిందా?"

ఆ ఒక్క నిమిషం నాకు దొరికింది. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఇదే మ్మా, నీ చేతిలో ఉన్నదే, నేను పాడుచేసినా అని. తిడితే తిట్టేది.

"లేదమ్మా. పాపం టైము చాల్లేదు," అన్నాను.

సరేలే అత్తా అని తలూపింది. ఏడవలేదు. నన్ను కౌగిలించుకుంది. నాకు కావలసింది అదే కదా. దొరికింది కదా. మరి ఎందుకలా రాయిలా నిలబడ్డాను?

అన్న డ్యూటీ దిగి వచ్చి శాలువను చూశాడు. "ఈ రంగు యాడనో చూసినట్టుండాదే," అన్నాడు. బజార్లో ఉండేవే నాలుగు రంగులు అన్నాను, ఆయన అడగని ప్రశ్నకు కూడా జవాబులు చెప్పాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే అదే. ఆయన మరి మాట్లాడలేదు. తెలిసి ఊరుకున్నాడో, తెలియకనో, ఈనాటికీ నాకు తెలియదు.

రెండేళ్ల తర్వాత కొత్త సంవత్సరం ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటే పాప లేచింది. ఆ శాలువే కప్పుకుని ఉంది. అమ్మ నాకేమీ ఇవ్వకుండా పోయినా దేవుడు నాకు అత్తను ఇచ్చాడు అని చెప్పింది. అందరూ నా వైపు తిరిగి చూశారు. పక్కనున్న ఆమె నా చెయ్యి నొక్కింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నన్ను పొగిడినందుకు కాదు నాకు నొప్పి. అమ్మ నాకేమీ ఇవ్వకుండా పోయింది అన్న మాటకు. ఆ మాట ఆ పిల్ల నోట్లో పెట్టింది నేను. చేతివేళ్లు ఆడినన్నాళ్లూ ఆడించి, తన కూతురి కోసం కొలతలు ఊహించుకుని అల్లిన తల్లిని, ఏమీ ఇవ్వని తల్లిని చేశాను. నెలనెలా ప్రభు బల్ల దగ్గర ఎవరిని వాళ్లు పరీక్షించుకోమంటారు. నేను బాగా పరీక్షించుకుంటాను. తర్వాత రొట్టె తీసుకుంటాను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేస్తుంది? చేస్తుంది. నేను చేస్తూనే ఉన్నాను.

ఇన్నేళ్లూ దాచినదాన్ని ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, పాప పురిటికి వచ్చింది. ఇది ఎనిమిదో నెల. తన పెట్టెలోంచి ఆ శాలువ తీసి నా ఒళ్లో పెట్టి, ఇది విప్పి బిడ్డకు స్వెట్టర్ అల్లమంది. కొత్త ఊలు తెప్పిస్తానన్నాను. వద్దంది. నువ్వు ఇచ్చినదే నా బిడ్డ ఒంటి మీద ఉండాలంది. తానే ఎదురుగా కూర్చుని, నేను విప్పుతుంటే ఊలు ఉండ చుట్టింది. నా బిగువు కుట్లు ఊరికే రావు, ఒక్కోటి పీకాల్సి వస్తుంది. ఎంత గట్టి చెయ్యి అత్తా నీది, విప్పనీకె కూడా రాదు అని నవ్వింది. అచ్చం వాళ్లమ్మ నవ్వే. నేను ఊలులోకి చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగేళ్ల కిందట నేను పారేసిన వెంట్రుక లాంటిది ఇంకొకటి ఎక్కడైనా మిగిలి ఉంటుందేమోనని. లేదు. నేను బాగానే ఉతికాను.

బిడ్డ స్వెట్టర్ దాదాపు అయిపోయింది. ముందు, వెనక, ఒక చెయ్యి. చిన్న చెయ్యి, కూర్చుంటే రెండు గంటల పని. వారం రోజులుగా కూర్చోలేదు. కళ్లు లాగుతున్నాయని పాపకు చెప్తున్నాను, అదీ అబద్ధమే. రెండో చెయ్యి అయిపోతే ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ఏదో ఒకటి అనాలి. ఏమనాలో వదిన నాకు ఎప్పుడో చెప్పి పోయింది. మీయమ్మ అల్లింది అని చెప్పాలి. ఇప్పుడు ఆ మాట చెప్పాలంటే ముందు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కడుపుతో ఉన్న పిల్లకు ఇప్పుడా, అనుకుంటాను. పద్నాలుగేళ్లుగా ఏదో ఒకటి అడ్డం పెట్టుకున్నాను, ఇప్పుడు కడుపు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెలా క్షమిస్తారు, ఊలు మీది కాదు కదా. వదిన లేదు. పాపను అడగాలంటే చెప్పాలి. నాకు ఇది చాలు, ఒకసారి నా చేత్తో రాయడం.

పాపా, ఆ స్వెట్టర్ మీ అమ్మ నీకోసం అల్లింది. ఒక్క చెయ్యి తప్ప అంతా అల్లింది. నేను విప్పేశాను.

రాశాను. ఇన్నేళ్లలో ఈ మూడు ముక్కలు ఎప్పుడూ ఇలా బయటికి రాలేదు. కాస్త ఊపిరాడుతోంది, అబద్ధమెందుకు. కానీ చదివింది మీరు. చదవాల్సిన మనిషి పక్క గదిలో, ఒక పక్కకు తిరిగి, మధ్యాహ్నం నిద్రపోతోంది. ఇప్పుడే కదిలినట్టుంది. అత్తా, చెయ్యి అయిందా అని అడుగుతుంది.