వాయుగుండానికి నేను కొట్టిన గండ్లు

ఆకాశం అడక్కుండా ఇచ్చిన వానను చేతులారా పక్క చేలోకి సాగనంపిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి.

అయిదారేళ్ళ కిందటి కార్తీకమాసం. మాది కాలవ శివారు చేను. వరి పొట్ట మీద ఉంది. వంతు నీరు అందక నేల నెర్రెలిచ్చింది. నాలుగు రోజుల్లో తడి తగలకపోతే అన్నీ తాలు గింజలే. అలాంటప్పుడు నాన్న చేను నాకు అప్పగించి పిఠాపురం దర్శనానికి వెళ్ళారు. నాకు అన్నం సయించలేదు.

అంతలో ఫోన్‌లో వాయుగుండం కనబడింది. మొదట సంతోషించాను. ఆ ఎర్రటి సుడి మా వైపు జరుగుతున్నకొద్దీ సంతోషం కాస్తా భయమైంది. ముందటేడు తుపానుకు చేను మునిగి, కంకుల మీదే మొలకలొచ్చాయి మరి! పార పట్టుకెళ్ళి గట్టుకు ఆరు గండ్లు కొట్టాను. వాన లేదు, వరద లేదు, గండి మాత్రం బారెడు.

దిగువ చేను సూర్రావు బాబాయి చూశాడు.

"ఏంట్రా అది?"

"నీళ్ళు పోవడానికండి."

"ఏ నీళ్ళు?"

"రాబోయేవండి."

"ముందు రానివ్వరా బాబూ!"

"మీరు ఫోన్ చూడరు బాబాయ్, మీకు తెలీదు."

తెల్లారి మొదలైన వాన మధ్యాహ్నానికి ఆగింది. వాయుగుండం ఎటో తిరిగిపోయింది. మాకు పడింది కొలిచి పోసినట్టు, చేనుకు సరిగ్గా సరిపడా వాన. అంతసేపూ నేను అరుగు మీద కూర్చుని నా ముందుచూపుకు మురిసిపోతున్నాను.

నాన్న బస్సు దిగి నేరుగా చేలోకి నడిచారు.

"మనకి వాన పడలేదేంట్రా?"

"పడింది నాన్నా."

"ఏదీ?"

బాబాయి చేను చూపించాను. గట్టు అంచుదాకా నీళ్ళు.

నాన్న వంగి ఒక దుబ్బును చేత్తో నిమిరారు. నాకు ఏడుపొచ్చింది.

బాబాయే గట్టు మీదికొచ్చాడు. "మీ నీళ్ళేగా, తోడుకోండి. నాకెలాగూ ఎక్కువే."

గండ్లు పూడ్చి, రెండు రోజులు ఆయిల్ ఇంజను పెట్టి, పడిన వానను మళ్ళీ పైకి తోడాం. దారిన పోయే ప్రతివాడూ బండి ఆపి, "వానొచ్చాక ఇంజనేంటండీ?" అని అడిగాడు. ప్రతివాడికీ నాన్న నన్ను చూపించారు. చేను మాత్రం బతికింది.

గోదారి మీద ఒట్టేసి చెబుతున్నాను, చినుకు నేల తాకకుండా ఇక పార ముట్టను. ముట్టాలన్నా కుదరదు లెండి. టీవీలో వాయుగుండం అన్న మాట వినబడగానే నాన్న పారను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు.