కణం ఆపింది, నేను ఆపలేదు

ఆ రోజుల్లో నాకు కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. ఎమ్మెస్సీ ముగించి గోదావరిఖనిలోని మా క్వార్టర్‌కి తిరిగొచ్చి ఏడాది దాటినా ఉద్యోగం రాలేదు. రెండు గదుల మధ్య నేను తిరిగే తిరుగుడుకు మా నాయనమ్మ (మాకు అవ్వ) "కూసోవే, నాకు కండ్లు తిరుగుతున్నయ్" అని మొత్తుకునేది. అలాంటప్పుడు ఊళ్ళోనే ఒక ప్రైవేటు కాలేజీ నుంచి పిలుపొచ్చింది. మర్నాడు ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం, లేకుంటే మళ్ళీ ఆ రెండు గదులే. పాఠమేమో, రక్షక కణం తన యాంటీబాడీ జన్యువులను ఎలా తిరిగి అమర్చుకుంటుంది, ఎక్కడ ఆపుతుంది అన్నది.

ఆ మధ్యాహ్నమే, బొగ్గుగనిలో మొదటి షిఫ్టు దిగొచ్చి అన్నం తింటున్న మా అక్క మొగుణ్ణి, అవ్వను ఎదురుగా పెట్టుకుని మొదలుపెట్టాను. ఏ రోగం వస్తుందో ముందే తెలియదు కనుక, ఆ కణం లేతగా ఉన్నప్పుడే తన జన్యువుల ముక్కలు కత్తిరించి కొత్తగా అతికించుకుంటుందన్నాను.

"తనది తనే కోసుకుంటదా? పిచ్చిదా ఏంది?" అన్నాడు బావ.

"అందుకే దానికో హద్దున్నది బావా. ఒక్క అతుకు కుదిరిందంటె కత్తెర లోపల పెడ్తది. అమ్మ ఇచ్చిన జన్యువుల కుదరకపోతె బాపు ఇచ్చిన దాంట్ల చూస్తది. అదీ కుదరకపోతె కణం సచ్చిపోతది."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో పాపం! ఇంకొక్కసారి చూడనియ్యరా దాన్ని?" (ఆమె జాలి కణం మీదా, నా మీదా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే.)

మర్నాడు ప్రిన్సిపాల్ చివరి బెంచీలో కూర్చున్నారు. నేను బోర్డు ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూనే చెప్పాను. సుద్దముక్కలు విరిగాయి, చీర కుచ్చిళ్ళు తెల్లబడ్డాయి. యాంటీబాడీలో బరువు గొలుసు, తేలిక గొలుసు అని రెండుంటాయని, బరువు గొలుసు కుదరగానే కత్తెర ఆగుతుందని అంటుండగా గంట మోగింది. నేను మాత్రం ఆగలేదు.

"అమ్మా, ఇగ ఆపు. కణమే ఆపింది గదా!" అన్నారు ప్రిన్సిపాల్.

"లేదు సార్! తేలిక గొలుసు మిగిలే ఉన్నది. దానికోసం కత్తెర మళ్ళ తీస్తది!"

క్లాసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వాపుకోలేక, "అయితె ఆ గొలుసు సోమవారం వచ్చి చెప్పు" అన్నారు. అది ఉద్యోగమిచ్చినట్టని నాకు వరండా చివరికి వచ్చాక గానీ వెలగలేదు.

ఇప్పుడు గంటకు ముందే పాఠం ముగించి కుర్చీలో కూర్చుంటాను. మా మేడం చాలా నిదానం అంటారు పిల్లలు. నవ్వొస్తుంది, కాస్త దిగులూ వేస్తుంది. వాళ్ళు చెప్పే ఆ మేడంతో నాకింకా సరిగ్గా పరిచయం కాలేదు.