ముందు గదికి పన్ను

తెనాలిలో షాకిర్ ఇంటికి ఇంటిపన్ను లేదు. ఇల్లు భార్య మహమూదా పేరు మీదే ఉన్నా, సైన్యంలో చేసి వచ్చినవాడు కాపురముండే ఇల్లని మాఫీ చేశారు. బిల్ కలెక్టర్ వీధిలో అందరి తలుపులూ తట్టి తమ గడప దాటి వెళ్ళిపోయినప్పుడల్లా షాకిర్ మురిసిపోయేవాడు. "గవర్నమెంటు నన్ను గుర్తుపెట్టుకుంది మహమూదా" అనేవాడు.

పని ఇచ్చేవాళ్ళే గుర్తుపెట్టుకోలేదు. మంచుకొండల్లో జనరేటర్లూ లారీ ఇంజన్లూ విప్పి బిగించిన మనిషిని, ఎక్కడికి వెళ్ళినా గేటు దగ్గర నిలబడమన్నారు. చివరికి ఒక బట్టల షాపు ముందు నిలబడ్డాడు. వచ్చేవాళ్ళకు తలుపు తీయడం, పోయేవాళ్ళ వెనక తలుపు వేయడం, అంతే పని.

ఆదివారం మాత్రం తన నల్ల ట్రంకుపెట్టె తెరిచేవాడు. మూత మీద తెల్లరంగుతో రాసిన పేరూ నంబరూ ఇంకా చెరిగిపోలేదు. జంపఖానా పరిచి, స్పానర్లన్నీ చిన్నదాని పక్కన పెద్దది వరసగా పేర్చి నూనెగుడ్డతో తుడిచేవాడు, ఆఫీసరెవరో తనిఖీకి వస్తున్నట్టు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మళ్ళీ అన్నీ సర్దేసేవాడు. వంటింటి గుమ్మంలోంచి మహమూదా చూస్తూ ఉండేది. ఇంట్లో లేని బిడ్డకు అన్నం కలిపినట్టుండేది ఆమెకు.

అలాంటి ఒక ఆదివారం బాపట్ల నుంచి బర్నబాస్ వచ్చాడు. సైన్యంలో ఇద్దరిదీ ఒకే వర్క్‌షాపు. బర్నబాస్ ఇప్పుడు ఒక ఏటీఎం ముందు కుర్చీలో కూర్చుంటున్నాడు.

"రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద జనరేటర్లు పాడైతే ఎక్కడెక్కడికో మోసుకుపోతున్నారు భాయ్. మనం మొదలెడితే మనకే ఇస్తామన్నారు. నీ ముందు గది రోడ్డు మీదకే ఉంది గదా. షాపు పెట్టు, నన్ను పనిలో పెట్టుకో."

"ఇల్లు కాపురానికే వాడతానని రాసిచ్చి మాఫీ తీసుకున్నాను. షాపు పెట్టకూడదు."

"ఈ వీధిలో ముందు గదిలో కొట్టు లేనిదెవరికి? వాళ్ళంతా చెప్పే పెట్టారా?"

"వాళ్ళు రాసివ్వలేదుగా!"

బర్నబాస్ మహమూదా వైపు తిరిగాడు. "వదినా, ఏదో దేశంలో మాజీ సైనికుణ్ణి పనిలో పెట్టుకుంటే యజమానికి పన్ను తగ్గిస్తారంట. ఇక్కడా అలా ఉంటే నన్నీపాటికి ఎవరో ఎత్తుకుపోయేవాళ్ళు!"

మహమూదా నవ్వింది. నవ్వుతూనే ముందు గది తాళం వైపు చూసింది.

ఆ గది వాళ్ళ కూతురు సుమయాది. జ్వరంతో పిల్ల పడుకున్నదీ, కన్నుమూసిందీ అక్కడే. సెలవు దొరికి, రైళ్ళు మారి షాకిర్ వచ్చేసరికి పిల్లకు మట్టి ఇచ్చేశారు. ఆ రోజు వేసిన తాళం మళ్ళీ తీయలేదు. రాసిచ్చానన్నది అబద్ధమేం కాదు. కానీ ఆ మాట చాటున ఆయన దాక్కుంటున్నాడని మహమూదాకు తెలుసు. తనూ దాక్కుంటూనే ఉంది.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళాక ఆమె మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళింది.

"ఏంటమ్మా, మాఫీ రాలేదా?" అన్నాడు బిల్ కలెక్టర్ కొండయ్య.

"వచ్చిందండి. ముందు గది వరకూ తీసేయండి. అందులో షాపు పెడుతున్నాం. పన్ను వేయండి."

కొండయ్య కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "తగ్గించమని పోట్లాడేవాళ్ళనే చూశాను గానీ, వేయమని వచ్చినదానివి నువ్వే తల్లీ. ఇంట్లో చెప్పే వచ్చావా?"

"చెప్తే రానిచ్చేవారు కాదండి."

సాయంత్రం విషయం వినగానే షాకిర్ మొహం పాలిపోయింది. "నాకు మిగిలిన మర్యాద అదొక్కటే. అదీ పోగొట్టావా?"

"ఆ ఒక్క గదికేనండి. రాసిచ్చిన మాట ఇక అడ్డం లేదు. ఇంకేం అడ్డముందో చెప్పండి."

షాకిర్ ముందు గది తలుపు వైపు తిరిగాడు. "పిల్ల పిలిచినప్పుడు రాలేదు. ఇప్పుడు స్పానర్లు పట్టుకుని పోనా ఆ గదిలోకి?"

"మీరు సెలవుకొచ్చి రేడియో విప్పితే స్క్రూలన్నీ గిన్నె మూతలో పట్టుకుని కూర్చునేదెవరు? అంత సంబరం దానికి పండక్కి కూడా ఉండేది కాదు."

ఆమె బియ్యం డబ్బాలోంచి తాళంచెవి తీసింది. తుప్పు పట్టిన తాళం తిరగలేదు. రెండు చేతులతో తిప్పింది. కళ్ళు మసకబారాయి. వెనకనుంచి ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. షాకిర్ నూనె సీసాతో వచ్చి, తాళంలో చుక్కలు వేసి, కాసేపాగి, మెల్లగా తిప్పాడు.

కొన్నాళ్ళకు కొండయ్య మొదటిసారి వాళ్ళ గడప ముందు ఆగి బిల్లు అందించాడు. జనరేటర్ విప్పుతున్న బర్నబాస్ తల ఎత్తాడు.

"నన్ను పెట్టుకున్నందుకు తగ్గించకపోగా పన్ను వేశారా భాయ్!"

"నోరు మూసుకుని స్క్రూలు జాగ్రత్త చెయ్యి" అన్నాడు షాకిర్, గిన్నె మూత అతని ముందుకు జరుపుతూ.